షెర్రీ పీపాలో పన్నెండేళ్ళు

ఈ శీర్షిక చూసి మన పెద్దలు కొందరు నొసలు చిట్లిస్తారని తెలుసు. తెలుగు సంఘం వార్షిక సంచికలో విస్కీ గొడవేమిటని అడిగినా అడగవచ్చు. అందుకని నా సంజాయిషీ ముందే చెప్పుకుంటాను.

నేను చదివింది రసాయన ఇంజనీరింగు, చేసింది చమురు కంపెనీ కొలువు. స్కాట్లండులోని ఏబర్డీన్‌కి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఊరికి అరవై మైళ్ళ దూరంలో స్పే అనే నది ఉంది. ఆ నది చుట్టుపక్కల యాభై దాకా విస్కీ బట్టీలున్నాయి. వేసవిలో ఇండియా నుంచి వచ్చే చుట్టాలు ఎడింబరా కోట చూశాక అడిగే మొదటి ప్రశ్న, "ఇంతకీ ఈ స్కాచ్ ఎలా చేస్తారోయ్?" అని. తాగేవాళ్ళూ అడుగుతారు, తాగనివాళ్ళూ అడుగుతారు. ఆ ప్రశ్నకి తెలుగులో ఒక జవాబు రాసి పెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. మనవాళ్ళ విందుల్లో విస్కీ గురించి రెండే రెండు మాటలు వినిపిస్తాయి: సీసా ఖరీదెంత, వయసెంత. రుచి ఊసే రాదు. ఆవకాయ ముక్క నాలిక్కి తగలగానే ఆవఘాటు ఎక్కువైందో, ఉప్పు తగ్గిందో, నూనె మారిందో చెప్పగల మనుషులం, గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మూగబోతాం. దీనికి మన చరిత్రలోనే కారణముంది. మనకి మద్యం అంటే సారా, సారా అంటే ఇల్లు గుల్ల. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారి తీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. అది సంసారాలు నిలబెట్టుకోవటానికి జరిగిన పోరాటం. ఆ నేపథ్యంలో పెరిగినవాళ్ళకి మద్యం రుచిని వర్ణించే భాష లేకపోవటం వింతేమీ కాదు. తాగేవాడు గబగబా మింగేస్తాడు, తాగనివాడు ముక్కు మూసుకుంటాడు. వాసన ఇద్దరికీ తెలియదు.

కల్లు తెలిసిన ఊళ్ళ సంగతి వేరు. పోతుతాటి కల్లుకీ, పెంటితాటి కల్లుకీ, ఈతకల్లుకీ తేడా చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఉండేవారు. తెల్లవారుజామున దించిన కల్లు తీపి, పొద్దెక్కిన కొద్దీ పులుపు. అంటే మన భాషకి ఆ శక్తి లేక కాదు. వాడుక తప్పింది, అంతే.

రాగి మాల్టు తెలిస్తే సగం తెలిసినట్టే

ముందు పేరు సంగతి చూద్దాం. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. రాగి మాల్టు ఎరగని తెలుగు ఇల్లు ఉండదు. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తాం. మామూలు రాగిపిండితో కాచిన జావ కంటే మాల్టు జావ పలచగా, కాస్త తియ్యగా ఉంటుంది, పసిపిల్లలకి తేలిగ్గా అరుగుతుంది. మొలకెత్తే గింజలో ఎంజైములు పుడతాయి. అవి గింజలోని పిండిపదార్థాన్ని ముక్కలు చేసి చక్కెరలుగా మారుస్తాయి. బార్లీలో జరిగేదీ అచ్చంగా ఇదే.

మొలకెత్తిన బార్లీని వేడిగాలికి ఆరబెడతారు. ఆ మంటలో పీట్ వేస్తే గింజకి పొగవాసన పడుతుంది. పీట్ అంటే చిత్తడి నేలల్లోంచి తవ్వి తీసే, సగం కుళ్ళిన మొక్కల గడ్డ. నేను చెప్పబోయే విస్కీలో ఆ పొగ నాకు తగల్లేదు కనుక దాన్ని అక్కడితో వదిలేస్తాను. ఆరిన గింజని మరపట్టి వేణ్ణీళ్ళు పోస్తే తియ్యటి నీరు దిగుతుంది. దాన్ని చల్లార్చి ఈస్ట్ కలిపితే రెండు మూడు రోజుల్లో పులిసి, సుమారు ఎనిమిది శాతం ఆల్కహాలున్న బీరులాంటి ద్రవం తయారవుతుంది. దాన్ని పెద్ద పెద్ద రాగి పాత్రల్లో రెండుసార్లు బట్టీ పెడతారు. (ఈ రాగి తినే రాగి కాదు, లోహం!) రాగి అందానికి పెట్టింది కాదు. కుళ్ళిన గుడ్డు వాసన తెచ్చే గంధకపు పదార్థాలు ఆవిరిలో ఉంటాయి, రాగి వాటిని పట్టుకుంటుంది. రెండో బట్టీలో ముందు వచ్చేదీ చివర వచ్చేదీ పక్కకి తీసి, నడిమి భాగాన్నే పీపాకి పంపుతారు. అప్పటికి అందులో డెబ్భై శాతం దాకా ఆల్కహాలుంటుంది. చూడటానికి మంచినీళ్ళలా ఉంటుంది.

కేవలం మొలకెత్తిన బార్లీతో, ఒకే బట్టీలో, ఇలా రాగి పాత్రల్లో చేసింది సింగిల్ మాల్ట్. స్కాచ్ అని పిలవాలంటే అది స్కాట్లండులోనే, ఓక్ పీపాలో, కనీసం మూడేళ్ళు మాగాలి. పీపా 700 లీటర్లకి మించకూడదు. నీళ్ళూ, రంగుకోసం కాల్చిన పంచదారా తప్ప మరేదీ కలపకూడదు. సీసాలో ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. సీసా మీద రాసిన వయసు, అందులో కలిసిన పీపాలన్నిట్లోకీ చిన్నదాని వయసు.

పీపా చేసే మూడు పనులు

మంచినీళ్ళలాంటి ఆ మద్యానికి పచ్చిధాన్యం, అరటిపండు, బేరిపండు వాసనలుంటాయి. ఖర్జూరం, లవంగం, వక్క ఇందులో ఇంకా లేవు. అవి కర్రలోంచి రావాలి.

పీపా మూడు పనులు చేస్తుంది. మొదటిది ఇవ్వటం. పీపా తయారుచేసేటప్పుడు లోపలివైపు నిప్పుతో కాలుస్తారు. ఆ వేడికి కర్రలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది. ఐస్‌క్రీములో వచ్చే వెనిల్లా వాసన దానిదే. లవంగానికి ఆ వాసన తెచ్చే యూజినాల్ ఓక్ కర్రలోనూ ఉంటుంది. కొబ్బరి వాసన తెచ్చే లాక్టోన్ అనే పదార్థం ఉంటుంది. రెండోది తీసుకోవటం. లోపలి మసి పొర మిగిలిన గంధకపు వాసనలని పీల్చుకుంటుంది. మూడోది ఊపిరి. కర్ర గుండా గాలి లోపలికీ ఆవిరి బయటికీ నెమ్మదిగా నడుస్తాయి. ఇక్కడి చలిలో ఏటా సుమారు రెండు శాతం సరుకు గాలిలో కలిసిపోతుంది. దాన్ని ఇక్కడివాళ్ళు ముద్దుగా దేవదూతల వాటా అంటారు. బెంగుళూరు ఎండలో ఆ వాటా ఏడాదికి పదోవంతు దాకా ఉంటుంది. అందుకే 2004లో గ్లాస్గోలో విడుదలైన మన అమృత్ సింగిల్ మాల్ట్ నాలుగైదేళ్ళకే పెద్దరికం తెచ్చుకుంది. వయసు అంకె ఒక్కటే చూసి విస్కీకి మార్కులు వెయ్యకూడదనటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

స్కాచ్‌లో అత్యధిక భాగం మాగేది అమెరికాలో బర్బన్ పోసి ఖాళీ చేసిన పీపాల్లో. బర్బన్‌ని కొత్త పీపాలోనే మాగబెట్టాలని అమెరికా చట్టం. ఒకసారి వాడిన పీపా వాళ్ళకి బర్బన్ కోసం మళ్ళీ పనికిరాదు, కనుక అది చవగ్గా అట్లాంటిక్ దాటుతుంది. షెర్రీ పీపా కథ మాత్రం వేరు.

షెర్రీ దారి

స్పెయిన్ దక్షిణాన హెరెజ్ అనే ఊరుంది. ఆ పేరే ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగి షెర్రీ అయింది. అది ద్రాక్షసారా కలిపి ఘాటు పెంచిన ద్రాక్షమద్యం. అందులో ఒలొరొసో అనే రకాన్ని గాలి తగిలేలా ఏళ్ళ తరబడి పీపాల్లో ఉంచుతారు. దాంతో గోధుమరంగు తిరిగి, ఎండుఫలాల వాసన వస్తుంది. పేద్రో హిమెనెజ్ అనే మరో రకానికి ద్రాక్షపళ్ళని చాపల మీద ఎండబెట్టి మరీ పిండుతారు. అది పాకంలా చిక్కగా, నల్లగా ఉంటుంది.

బ్రిటన్ జనానికి షెర్రీ మీద మోజు ఎక్కువ. వందల ఏళ్ళపాటు అది పీపాల్లోనే ఓడల మీద ఇక్కడికి వచ్చేది. ఇక్కడ సీసాల్లోకి ఒంపుకున్నాక ఖాళీ పీపాని వెనక్కి పంపటం దండగ. పొదుపరులైన స్కాట్లు వాటిని కొని విస్కీ పోశారు. రుచికోసం మొదలెట్టారని చెప్పలేం, చవగ్గా దొరికాయని మొదలెట్టారు. తరవాత రుచి పట్టుబడింది.

1980లలో ఈ వ్యవహారం మారిపోయింది. షెర్రీని స్పెయిన్‌లోనే సీసాలకెత్తాలన్న పద్ధతి వచ్చింది, పీపాల రాక ఆగిపోయింది. బ్రిటన్‌లో షెర్రీ తాగేవాళ్ళూ తగ్గారు. ఇప్పుడు విస్కీ కంపెనీలే స్పెయిన్‌లో కొత్త పీపాలు చేయించి, వాటిలో ఏడాదిన్నరో రెండేళ్ళో షెర్రీ పోయించి, తీయించి, స్కాట్లండుకి తెప్పించుకుంటున్నాయి. కొత్త మట్టికుండలో ముందు గంజి కాచి వాడుకలోకి తెచ్చినట్టన్నమాట. ఆ షెర్రీ మామూలుగా తాగేవాళ్ళ దాకా రాదు. మళ్ళీ మరో పీపాలోకో, వినెగర్‌లోకో పోతుంది. ఒకప్పుడు షెర్రీ కోసం పీపా, ఇప్పుడు పీపా కోసం షెర్రీ. బర్బన్ పీపా కంటే దీని ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ కావటానికి కారణం ఇదే.

టామ్‌డూ

షెర్రీ పీపా విస్కీ అనగానే మనవాళ్ళకి తట్టే పేరు మెకాలన్. మంచిదే, కానీ ఇప్పుడు దాని ధరలో పేరు వాటా చాలా ఉంది. అదే స్పే నది ఒడ్డున, కొద్ది మైళ్ళు ఎగువన నాకాండో అనే పల్లెలో టామ్‌డూ అని ఒక బట్టీ ఉంది. స్థానిక గేలిక్ భాషలో ఆ పేరుకి చిన్న నల్లగుట్ట అని అర్థం. 1897లో మద్యం దింపటం మొదలెట్టారు. కట్టడానికి ప్లాను వేసింది చార్లెస్ డోయిగ్. స్కాచ్ బట్టీల గుర్తుగా బొమ్మల్లో కనిపించే గోపురంలాంటి పొగగూడు ఆయన రూపకల్పనే. పాత రైలుస్టేషను ఒకటి ఇప్పటికీ పక్కనే ఉంది.

ఇంత చరిత్ర ఉన్నా పేరు బయటికి రాకపోవటానికి కారణం, దాని సరుకు చాలావరకు బ్లెండెడ్ విస్కీల్లో కలిసిపోవటమే. ఫేమస్ గ్రౌస్ తాగినవాళ్ళు తెలియకుండానే టామ్‌డూ తాగి ఉంటారు. మధ్యలో 1928 నుంచి 1948 దాకా ఇరవై ఏళ్ళు మూతబడింది. 2010లో అప్పటి యజమానులు మళ్ళీ మూసేశారు. 2011లో ఇయన్ మెక్లియోడ్ అనే కుటుంబ సంస్థ కొని, తరవాతి ఏడాది తెరిచింది. 2013లో పదేళ్ళ మాల్టునీ, 2018లో పన్నెండేళ్ళ మాల్టునీ విడుదల చేసింది. సింగిల్ మాల్టుగా సీసాకెత్తే సరుకంతా షెర్రీ పీపాల్లోనే మాగుతుంది, రంగు కలపరు.

నేను కొన్నది 2019లో, పన్నెండేళ్ళది, 43 శాతం. లెక్క వేసి చూడండి. అందులో కలిసినదంతా 2007లోనో అంతకుముందో దించినది. అంటే పాత యజమానుల హయాములో పనిచేసినవాళ్ళ చేతి సరుకు. తలుపులు మూసి మనుషులు వెళ్ళిపోయాక కూడా ఆ పీపాలు చీకట్లో తమ పని తాము చేసుకుంటూనే ఉన్నాయి. అమ్మినవాళ్ళు వేరు, చేసినవాళ్ళు వేరు.

రుచి చూసే పద్ధతి

ఒక శనివారం సాయంత్రం గుంటూరు మిత్రుడూ ఆయన శ్రీమతీ మా ఇంటికి వచ్చారు. మిత్రుడికి సోడా, ఐసు లేనిదే విస్కీ దిగదు. ఆడవాళ్ళిద్దరూ ముట్టుకోరు. నేను పెట్టిన షరతులు నాలుగే.

ఒకటి, మిరపకాయ బజ్జీలు తరవాతే. మిరపకారం నాలిక మీద ఏ మంట గ్రాహకాన్ని తట్టి లేపుతుందో, ఆల్కహాలూ దాన్నే లేపుతుంది. కారం తిన్న నోటికి విస్కీ రెట్టింపు మండుతుంది, రుచి తెలియదు. రెండు, ఐసు వద్దు. చల్లబడితే వాసనలు పైకి లేవవు. మూడు, మూతి సన్నంగా ఉన్న గ్లాసు. నాలుగు, మనిషికి 25 మిల్లీలీటర్లు మాత్రమే.

గ్లాసు పట్టుకుని ముందు రంగు చూశాం. ముదురు తేనె రంగు. తరవాత ముక్కు. ఇక్కడొక కిటుకుంది. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీలిస్తే ఆల్కహాలు ఘాటు తప్ప మరేమీ రాదు. గ్లాసుని కొంచెం దూరంగా ఉంచి, నోరు కాస్త తెరిచి, నెమ్మదిగా పీల్చాలి.

మిత్రుడు, "బాగుంది, స్మూత్‌గా ఉంది" అన్నాడు. మనందరం అనే మాటే అది. అప్పుడు మా ఆవిడ చెయ్యి చాచింది.

"ఏమండీ, తాగను గానీ వాసన చూడొచ్చా?"

చూసింది. కళ్ళు మూసుకుని ఇంకోసారి చూసింది. "ఇది అరిసెల పాకం. ముదురుపాకం కాదు, ఉండకి వచ్చేముందు వాసన. అందులో ఎండుఖర్జూరం ఉంది. అడుగున లవంగం" అంది. మిత్రుడి శ్రీమతి గ్లాసందుకుని, "నారింజ తొక్క కూడా ఉంది వదినా, ఎండిన తొక్క" అంది.

విస్కీ గురించి ఆ ఇంట్లో పలికిన మొదటి అసలు మాటలు అవి. పలికింది చుక్క తాగని ఇద్దరు. ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. పెద్ద పెద్ద కంపెనీల్లో పీపాలని ఎంచి కలిపే నిపుణులు పని చేసేది ముఖ్యంగా ముక్కుతోనే. నమూనాని సుమారు ఇరవై శాతానికి నీళ్ళు కలిపి పలచన చేసి వాసన చూస్తారు. రోజుకి పదులకొద్దీ నమూనాలు తాగితే ఆ ఉద్యోగం నిలవదు మరి.

తరవాత నాలిక. చిన్న గుక్క పోసుకుని మింగకుండా నోరంతా తిప్పాలి. మొదట తీపి వచ్చింది, ఎండుద్రాక్ష తీపి. నడుమ దాల్చినచెక్క వెచ్చదనం. మింగాక నాలిక అంచులు పట్టేసినట్టయ్యాయి. మిత్రుడు గ్లాసు దించి, "ఇదేమిటి, వక్కపొడి వేసుకున్నట్టు?" అన్నాడు. ఆయన నోటినుంచి కూడా మాట వచ్చింది!

చివరగా నాలుగు చుక్కల నీళ్ళు. నీళ్ళు కలిపితే విస్కీ చెడుతుందనే అపోహ మనవాళ్ళలో ఉంది. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్సన్, ఫ్రీడ్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటరు మీద లెక్కగట్టి చూశారు. ఆల్కహాలు బాగా ఎక్కువ ఉన్నప్పుడు గ్వాయకాల్ వంటి వాసన అణువుల్ని ఆల్కహాలు చుట్టుముట్టి లోపలే ఉంచేస్తుంది. పలచబడిన కొద్దీ అవి ద్రవం పైభాగానికి చేరతాయి. అంటే ముక్కుకి అందుతాయి. మా గ్లాసుల్లో నీటిచుక్క పడ్డాక నారింజ తొక్క ముందుకి వచ్చింది, పాకం వెనక్కి తగ్గింది.

వగరు

ఆ సీసాతోపాటు వచ్చిన కాగితం మీద ఇంగ్లీషులో రుచి వర్ణన ఉంది. ఇలాంటి వర్ణనల్లో తరచు కనిపించేవి క్రిస్మస్ కేకు, మార్మలేడు, తోలు కుర్చీ. ఇక్కడ పుట్టినవాడికి అవి బాల్యం వాసనలు. మనకి కావు. మనం ఆ మాటలు అప్పు తెచ్చుకుంటే, లేని జ్ఞాపకాన్ని నటించినట్టుంటుంది.

మన దగ్గర సొంత మాటలున్నాయి. అన్నిట్లోకీ విలువైనది వగరు. ఆరు రుచుల్లో దానికొక స్థానమిచ్చి, ప్రతి ఉగాదికీ మామిడిపిందెతో పిల్లల నాలికకి పరిచయం చేస్తున్నాం. నేరేడుపండు, పచ్చి అరటికాయ, ఉసిరి, వక్క, కరక్కాయ, అన్నీ వగరే. దాని మూలం టానిన్లు. అవి లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకోవటం వల్ల నాలిక మీది జారుడు పోయి, పట్టేసినట్టవుతుంది. ఓక్ కర్రలో, ముఖ్యంగా యూరపు ఓక్‌లో, ఈ టానిన్లు బాగా ఉంటాయి. అమెరికా ఓక్‌లో అవి తక్కువ, కొబ్బరి, వెనిల్లా ఎక్కువ. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి రంగు నిలిచేలా చేస్తారు. ఆ కరక్కాయలో ఉన్నదీ ఈ టానిన్ల కుటుంబమే. హెరెజ్ పీపా నుంచి కాళహస్తి బట్ట దాకా రసాయనం ఒకటే.

షెర్రీ పీపా విస్కీ మంచిదా కాదా అనటానికి నేను వాడే కొలత ఇప్పుడు ఇదే. తీపికీ వగరుకీ పొత్తు కుదిరిందా? పాకం ఒక్కటే ఉంటే మొహం మొత్తుతుంది. వగరు మించితే కర్ర నమిలినట్టుంటుంది. ఈ టామ్‌డూలో రెండూ సమంగా ఉన్నాయి. కొంచెం వగరు తరవాత మంచినీళ్ళు తాగితే, ఉసిరికాయ తిన్న నోటికిలా, నీళ్ళు తియ్యబడ్డాయి.

కొనేవాళ్ళకి రెండు మాటలు. సీసా మీద షెర్రీ అన్న పేరు కనిపించగానే మోసపోవద్దు. ఆసాంతం షెర్రీ పీపాలో మాగినది వేరు, బర్బన్ పీపాలో మాగి చివరి కొన్ని నెలలు షెర్రీ పీపాలో పెట్టినది వేరు. రెండోదానికి ఫినిష్ అని రాస్తారు. ముదురురంగు చూసి కూడా నమ్మొద్దు, కాల్చిన పంచదార కలపటానికి చట్టం ఒప్పుకుంటుంది. సహజమైన రంగు అని రాసి ఉందేమో చూడండి.

ఇక ఒక జాగ్రత్త. 25 మిల్లీలీటర్లంటే దాదాపు ఒక యూనిట్. వారానికి 14 యూనిట్లు మించవద్దనీ, ఆ 14 కూడా ఒకేసారి కాక మూడు రోజులో అంతకంటే ఎక్కువ రోజులో పంచుకోవాలనీ 2016 నుంచి బ్రిటన్ వైద్యాధికారుల సలహా. దానికి తక్కువైతే ప్రమాదం తక్కువ అన్నారు గానీ, ప్రమాదం లేదనలేదు. తాగనివాళ్ళు ఈ వ్యాసం చదివి మొదలెట్టవలసిన పని లేదు. వాసన చూడటానికి యూనిట్ల లెక్క లేదు.

మన పిల్లలకి ఇక్కడ పద్దెనిమిదేళ్ళు నిండగానే దుకాణం తలుపు తెరుచుకుంటుంది. వాళ్ళ ముందు రెండు దృశ్యాలే ఉంచాం: గరాజులో నిలబడి గడగడా తాగే నాన్నలు, వంటింట్లో మొహం చిట్లించుకునే అమ్మలు. మా ఇంట్లో ఆ సాయంత్రం మూడో దృశ్యం ఒకటి కనిపించింది. ఒక్క గ్లాసు నలుగురి చేతులు మారింది. గంటన్నరలో ఇద్దరం కలిసి 50 మిల్లీలీటర్లు తాగాం. మాట్లాడింది అరిసెల పాకం గురించి, నారింజ తొక్క గురించి. మేడమీంచి దిగివచ్చిన మా అబ్బాయి మా మాటలు విని, "వగరు అంటే ఏమిటమ్మా?" అని అడిగాడు. వాళ్ళమ్మ లోపలికి వెళ్ళి డబ్బాలోంచి ఒక వక్క పలుకు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.